టీవీలో మూడో గొంతు

సెప్టెంబరు వచ్చిందంటే లాక్లన్ చేతికి ఎర్ర కలం వచ్చేస్తుంది. పేపరుతోపాటు వచ్చే టీవీ అనుబంధం ముందేసుకుని, ఈ సీజన్‌లో మన కెనడా వాళ్ళు తీసిన కొత్త సీరియళ్ళేమిటో వెతికి సున్నాలు చుట్టడం ఆయనకి నలభై ఏళ్ళుగా ఉన్న పిచ్చి. అమెరికా సీరియళ్ళని కన్నెత్తి కూడా చూడడు. ఈ ఏడాదైతే ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. పోయిన శరత్కాలంలో ఒక సీరియల్‌ని కేప్ బ్రెటన్ దీవిలో వాళ్ళ ఊరి రేవులోనే తీశారు. రేవుమీద నిలబడ్డ గుంపులో లాక్లన్ కూడా మూడు రోజులు నిలబడ్డాడు. అది వచ్చే గురువారం మొదలవుతుంది.

"గురువారం ఎనిమిదింటికి నీ మొగుణ్ణి దేశమంతా చూస్తుంది" అన్నాడు ఆ శనివారం పొద్దున, కోటు తొడుక్కుంటూ.

"దేశం చేసుకున్న ఖర్మ" అంది ఎఫీ. "బయట పొగమంచు దట్టంగా ఉంది, నెమ్మదిగా వెళ్ళు."

మనవరాలు బ్రిన్ హాకీ సంచి ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్ళింది. దానికి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ మోరాగ్ నర్సు. శుక్రవారం రాత్రి డ్యూటీకి వెళ్తూ పిల్లని ఇక్కడ దింపితే, మర్నాడు పదింటికి గానీ రాదు. అందుకే శనివారాలు పిల్లని ఆటకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని తాతదే.

వాళ్ళు వెళ్ళాక ఎఫీ వాతావరణం వార్తలు విందామని టీవీ పెట్టింది. ఏదో కొత్త సీరియల్‌లోంచి ఒక ముక్క చూపిస్తున్నారు. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో మూడో గొంతు దూరింది. "ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. చేతిలో ఉత్తరం ఉంది. అతను ఆమెవైపు చూడలేదు." ఎదురుగా కనబడేదంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతోంది. టీవీ పాడైందనుకుని ఎఫీ కంపెనీకి ఫోన్ చేసింది.

"పాడవలేదమ్మా" అంది అవతలి అమ్మాయి. "చూపు సరిగా లేనివాళ్ళ కోసం పెట్టిన వివరణ అది. దానంతటది రాదు, ఎవరో ఒకరు మీట నొక్కి పెట్టుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా..."

"ఎవరికీ లేదు" అని ఎఫీ ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. తను పెట్టలేదు.

బల్లమీదున్న అనుబంధం తీసి చూసింది. మొదటి ఎర్ర సున్నా టైర్ల దుకాణం ప్రకటన చుట్టూ ఉంది. రెండోది పదకేళి మీద సగం, ఖాళీ కాగితం మీద సగం. ఎండాకాలమంతా ఆమె మింగలేక కక్కలేక దాచుకున్న భయం ఒకటుంది. లాక్లన్ టీలో ఉప్పు వేసుకున్నాడు. పక్కింటాయన ఎదురుపడితే పలకరించకుండా వెళ్ళిపోయాడు. లాక్లన్ వాళ్ళన్నయ్య చివరికి సొంత పేరు కూడా మర్చిపోయి చనిపోయాడు. ఈయనకీ అదే మొదలైందేమోనని ఎఫీ అడగడానికి కూడా భయపడింది. అయితే పోయింది మతి కాదు, చూపు. అమ్మయ్య అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది.

మరుక్షణం కారు గుర్తొచ్చింది.

పన్నెండు కిలోమీటర్ల దారి. సగం సముద్రం ఒడ్డునే. మధ్యలో ఇరుకు వంతెన. లాక్లన్‌కి ఫోన్ చేస్తే అది గుమ్మం పక్కన తగిలించిన పాత కోటు జేబులో మోగింది. కూతురికి చేద్దామని తీసి, ఏమని చెప్పాలో తెలియక పెట్టేసింది. గంటసేపు కిటికీ దగ్గరే నిలబడింది. బయట పొగమంచు తప్ప ఏమీ లేదు. దేవుడికి ఏం మొక్కుకుందో ఆమెకే తెలియదు, బ్రిన్ పేరు మాత్రం పదే పదే అంది.

తొమ్మిదిన్నర దాటాక కారు చప్పుడైంది. బ్రిన్ ముందు లోపలికొచ్చింది.

"అమ్మమ్మా, ఆకలి."

"దారెలా ఉందే?" అంది ఎఫీ.

"ఏం కనబడలేదు. అయినా నేనొక్కటీ తప్పు చెప్పలేదు."

"ఏం చెప్పావు?"

"రంగులాట. లైటు ఎరుపో పచ్చో నేను ముందు చెప్పాలి. ఎదురుగా బండొస్తే బండి అనాలి. తాత ఎప్పుడూ ఓడిపోతాడు."

ఎఫీ పిల్ల చేతిలో ఓట్స్ రొట్టె పెట్టి లోపలి గదికి పంపింది. లాక్లన్ సంచి మోసుకుంటూ వచ్చాడు.

"తాళాలియ్యి."

"ఎందుకూ?"

"టీవీలో మూడో గొంతు ఎవరి కోసం పెట్టావో చెప్పు ముందు."

ఆయన మొహం గోడవైపు తిప్పాడు.

"నేనడుగుతుంటే గోడవైపు చూస్తావేంటి?"

"గోడవైపు చూస్తేనే నువ్వు కనిపిస్తావు" అన్నాడు మెల్లగా. "నీకేసి చూస్తే జుట్టుంటుంది, చెవులుంటాయి. మధ్యలో మొహం ఉండదు. ఈస్టర్ నుంచీ ఇంతే."

"డాక్టరు దగ్గరికి వెళ్ళడానికేం రోగం?"

"వెళ్తే ఇక చూపు రాదంటాడేమోనని. రోజురోజుకీ మసక పెరుగుతోంది ఎఫీ. ఏడాదిగా ఎదురుచూస్తున్నా. గురువారం ఆ ఒక్కటీ నా కళ్ళతో చూసేసి చెబుదామనుకున్నా. ఈలోగా బండి తోలనంటే ఎందుకని అడుగుతారుగా. భయమేసింది."

"నీకు భయమేస్తే పిల్లని తీసుకెళ్ళి సముద్రం పక్కన నడుపుతావా?" అంటూనే ఎఫీ కుర్చీలో కూలబడింది. "నేనూ తక్కువ తిన్లేదులే. నీకు మతి పోతోందనుకుని నోరు కుట్టుకు కూర్చున్నా. దాన్ని మాత్రం వారం వారం నీతో పంపించా."

మోరాగ్ తలుపు తోసుకుని వచ్చింది. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి మొహం, తండ్రి మొహం చూసి నిలబడిపోయింది. ఎఫీ నోరు తెరవబోతే లాక్లన్ వారించాడు. కళ్ళ సంగతీ, లైట్ల సంగతీ ఒక్కటి కూడా దాచకుండా తనే చెప్పాడు.

"నా కూతుర్ని నీ కళ్ళు చేసుకున్నావా నాన్నా?" అంది మోరాగ్. ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బావుండుననిపించింది ఎఫీకి.

లాక్లన్ తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేక అలాగే పట్టుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి భుజాలు కదిలిపోయేలా ఏడిచాడు. మోరాగ్ తండ్రి గడ్డం పట్టుకుని, కిటికీ వెలుగు వైపు తిప్పి, నర్సు చూసినట్టు కళ్ళలోకి చూసింది.

"సోమవారం నేనే తీసుకెళ్తా. గురువారం అందరం ఇక్కడే కూర్చుని చూద్దాం. ఎంత కనబడితే అంత" అంది.

గుమ్మంలో బ్రిన్ నిలబడి ఉంది. చేతిలో రొట్టె కొరకలేదు.

"తాతా, నేనేమైనా తప్పు చెప్పానా?"

"లేదు తల్లీ. నువ్వొక్కటీ తప్పు చెప్పలేదు. ఆ ఆట పెట్టడమే నా తప్పు."

"అయితే ఇంక ఆడక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు."

బ్రిన్ తల్లి వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది.

"నాకు చాలా భయమేసేది తాతా" అంది. "కళ్ళార్పితే ఏ బండో తప్పిపోతుందని ఆర్పేదాన్ని కాదు."