ఉత్తరపు వాలు మీద ఒక వద్దు

"కదిలిందా?" అన్నాడు కుర్దిన్ ఆత్రంగా.

"నువ్వు ఊపిరి పీల్చడం కాసేపు ఆపు. దానికే కదిలేట్టుంది," అంది మద్లైనా.

మంచులో గుంట తవ్వి, రంపంతో కోసి నిలబెట్టిన దిమ్మె మీద పార పెట్టి కొడుతోందామె. మొదట మణికట్టుతో మెల్లగా, తర్వాత మోచేతితో, చివరికి భుజం ఎత్తి గట్టిగా. లోపల చక్కెర పలుకుల్లాంటి బలహీనమైన పొర ఉంటే, పైముక్క సొరుగులా జారి బయటికొస్తుంది. అప్పుడు ఈ వాలు మీద కాలు పెట్టకూడదు, మంచు చరియ విరిగి మీద పడుతుంది.

దిమ్మె కదల్లేదు. దారిలోనూ ఎక్కడా మంచు కుంగలేదు, పగల్లేదు. చలికాలమంతా ఎదురుచూసిన ఉత్తరపు వాలు, ఒక్క స్కీ గీతైనా పడకుండా మెరిసిపోతోంది. మద్లైనా గుండె ఎగిరి గంతేసింది.

"ఒక్కొక్కరమే దిగాలి. ముందు నేను!"

"వద్దు," అన్నాడు కుర్దిన్.

ఎంగడీన్ లోయలో స్కీలతో కొండెక్కేవాళ్లకి ఒక కట్టుబాటుంది. జట్టులో ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని కొండ మీద అడగకూడదు.

మద్లైనా అడగలేదు. గట్టు వెంబడి దిగినంతసేపూ పళ్లు బిగించుకుంది. ఎప్పుడూ తనకంటే ముందు దూకాలనే మనిషి! అంటే, తన పరీక్ష మీద నమ్మకం పోయిందన్నమాట. నమ్మకం లేనివాడితో ఇక తను కొండకెలా వెళ్తుంది?

కింద గుడిసె హోటల్లో బార్లీ సూప్ పొగలు కక్కుతోంది.

"ఇప్పుడు కొండ మీద లేం. చెప్పు, నా దిమ్మెలో ఏం లోపం కనిపించింది?"

"ఏం లేదు. మంచు బ్రహ్మాండంగా ఉంది."

"మరి?"

"మలుపు తిరిగాక నువ్వు కనిపించవు. మళ్లీ కిందెక్కడో తేలేదాకా నా ప్రాణం నాది కాదు. మూడు చలికాలాలుగా ఇంతే. ఇవాళ నావల్ల కాలేదు."

"నేనేమైనా కొత్తగా దిగుతున్నానా?"

"నీకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. చెప్పకుండా నిన్ను పంపలేకపోయాను."

మద్లైనా చేతిలో చెంచా ఆగింది. "మొద్దూ! అది చెప్పడానికి అంత మంచి వాలు పాడు చేశావా?"

"నీకిష్టం లేకపోతే కొండకి కూడా తోడు పోతుందని ఇన్నాళ్లూ..."

"ఆ మాటేదో పూర్తిగా చెప్పు ముందు."

"నువ్వంటే ఇష్టం. చాలా."

బయట మంచు మీద ఎండ ఫెళ్లుమని కాస్తోంది. అయినా ఆమె చెవులు ఎర్రబడింది ఆ ఎండకి కాదు. బల్ల మీదున్న అతని చల్లటి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రేపు మా ఇంటికి రా. మా అమ్మతో మాట్లాడాలి."

"రేపే?"

"ఆవిడ ఆ వాలుకంటే నిటారు. అక్కడ మాత్రం ముందు నువ్వే దిగాలి."