కొంగ కోసం ఆగినంతసేపు

ఆదివారం తెల్లవారితే ఆ ఇంట్లో మొదట లేచేది కెమెరా. మనుషులు ఆ తర్వాతే. తండ్రి వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి, పొడవాటి లెన్సును దాని మీద పడుకోబెట్టి, పసిపిల్లకి చెవులు తుడిచినట్టు తుడుస్తున్నాడు. వారమంతా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోల కోసం వచ్చినవాళ్ళకి "గడ్డం కొంచెం పైకి, నవ్వొద్దు" అని చెప్పీ చెప్పీ విసిగిపోయిన మనిషాయన. ఈ ఒక్క పూట ఊరి చివర చిత్తడి నేలలో కొంగల ముందు కూర్చోకపోతే ఆయనకి వారం గడిచినట్టే ఉండదు.

"మొదలైంది కొంగజపం," అంది తల్లి, టీ గ్లాసు ఆయన మోచేతికి అందనంత దూరంగా పెడుతూ. "అందులో పావు వంతు శ్రద్ధ ఈ కుళాయి మీద పెడితే కారడం మానేసి ఎన్నాళ్ళయ్యేదో."

"కుళాయి ఎక్కడికీ ఎగిరిపోదు కదా. ఇవాళ నాకా ఫొటో దొరుకుతుంది చూడు. కొంగ చేపని పొడిచే క్షణం. మెడ వెనక్కి లాక్కుని నిలబడుతుందా, అందరూ అక్కడే తప్పు చేస్తారు. పొడిచేస్తుందిలే అనుకుని ముందే నొక్కేస్తారు. ఆ శబ్దానికి అది కాస్తా లేచిపోతుంది. దాని మనసులో ఏముందో మనమే అనేసుకోకూడదు. ఆగాలి."

"ఆగాలట," అంది తల్లి గోడతో చెబుతున్నట్టు.

గుమ్మంలో నిలబడి వింటున్న కూతురు వచ్చి బల్లకి అటు చివర కూర్చుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆ పిల్ల ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అసలే తక్కువ మాట్లాడుతుంది. చిన్నప్పటి నుంచి నత్తి. అయినా పట్టుబట్టి చదివి, దగ్గర్లోని బడిలో ఒకటో తరగతికి టీచరైంది. ఆ తరగతి గదిలో ఉన్నంతసేపూ ఆమె ముఖమే వేరుగా ఉంటుందని తల్లికి తెలుసు.

శుక్రవారం జరిగింది ఇదీ. క్లాసుల గ్రూపు ఫొటోలు తీసుకెళ్ళడానికి హెడ్‌మిస్ట్రెస్ స్టూడియోకి వచ్చింది. కూతురు కౌంటరు దగ్గర ఫొటోలు కవర్లలో పెడుతోంది. "ఒకరిద్దరు పిల్లల అమ్మానాన్నలు నీ మాట గురించి అడుగుతున్నారమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే. "నీకూ క్లాసులో శ్రమ. సోమవారం నుంచి కొత్త టీచరు వస్తుంది. నువ్వు ఆఫీసు గదిలో పని చూసుకో. జీతం మారదు. నీకిష్టమేనా?"

"నాకు ఇ... ఇష్టం..." అంటూ కూతురు అక్కడ చిక్కుకుపోయింది.

"ఇష్టమేనండీ," అన్నాడు తండ్రి వెనక నుంచి. "తనకీ అదే హాయి."

హెడ్‌మిస్ట్రెస్ ఊపిరి పీల్చుకుని కవర్లు పట్టుకుపోయింది. మన భాషలో కాదనే మాట చివర్లో గాని రాదు. ఆ చివరి దాకా ఇద్దరిలో ఒక్కరూ ఆగలేదు.

"రేపటి నుంచి ఆఫీసటగా. ఆ నీలం బట్టలు ఇస్త్రీ చేసి పెట్టనా?" అని ఇప్పుడు తల్లి అడిగింది, కూతురి ముఖంలోకి చూస్తూ.

"అమ్మా, నే... నేను ఆ ఆఫీసుకి..."

"ఆఫీసుకి ఎండ తగలదు కూడానూ," అన్నాడు తండ్రి లెన్సు మీంచి తల ఎత్తకుండా. "కిటికీ ఉంది, ఫ్యాను ఉంది."

కూతురు చేతిలోని గ్లాసును బల్ల మీద కొట్టినట్టు పెట్టిన చప్పుడుకి ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కసారి దాన్ని చెప్పనివ్వండి," అంది తల్లి. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"నేనేమైనా దానికి శత్రువునా?" తండ్రి ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ ఎవడి ముందూ అది నవ్వులపాలు కాకుండా చూసుకున్నాను. జనమంతా దాని నోటికేసి చూస్తూ ఉంటే నువ్వు చూడగలవేమో. నా వల్ల కాదు."

"జనం సంగతి సరే. ఇంట్లో కూడానా?"

ఆయన లేచాడు. సంచీ భుజాన వేసుకుని, రబ్బరు బూట్లు చేత పట్టుకుని బయటికి నడిచాడు. కూతురు కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, తల్లి బూట్లలో కాళ్ళు దూర్చి, ఆయన వెనకే వెళ్ళింది.

రెల్లు మధ్య ఆకుపచ్చ గుడ్డతో కట్టుకున్న చిన్న గుడారం ఆయనది. ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. కూతురు వంగి లోపలికి రాగానే ఆయన మనసు తేలికపడింది. కోపం పోయిందనుకున్నాడు. ఈయనకి అనుకోవడం ఎంతసేపని.

ఎదురుగా, మోకాలి లోతు నీళ్ళలో ఆయన పెద్ద కొంగ, నారాయణపక్షి, నిలబడి ఉంది. బూడిదరంగు ఒళ్ళు, పొడవాటి పసుపు ముక్కు. చాలాసేపటికి అది మెడను మెల్లగా వెనక్కి లాక్కుంది. ఆయన వేలు కెమెరా మీట మీదికి చేరింది. రెండేళ్ళుగా చేజారిపోతున్న ఫొటో.

"నాన్నా," అంది కూతురు.

"ష్. కదలకు."

"నాన్నా, నా... నాకు ఆ ఆఫీసు..."

"నాకు తెలుసమ్మలూ, నువ్వు..."

"తె... తెలీదు."

ఆ గొంతు తగ్గలేదు. ఆయన కెమెరా మీంచి కన్ను తీసి చూశాడు. కూతురి కళ్ళ నిండా నీళ్ళు. పెదవులు ఒక మాట కోసం పెనుగులాడుతున్నాయి. ఆ మాట ఏదో అందించాలని ఆయన నాలుక చివర దాకా వచ్చింది. అలవాటు. వానలో గొడుగు పట్టినట్టు పాతికేళ్ళుగా అందిస్తున్నాడు మరి.

"కొంగ మనసులో... ఏముందో... అనుకోకూడదన్నావు," అంది ఆమె, ఒక్కొక్క మాటా లాగి. "నా మనసులో?"

ఆయన అందించబోయిన మాటని మింగేశాడు.

"నాకు... ఇ... ఇష్టం..."

మాట మళ్ళీ అక్కడే ఆగింది. శుక్రవారం ఆగిన చోటే. అటు నీళ్ళలో కొంగ ముందుకు వంగింది. ఇటు కూతురు ఆ మాటని వదల్లేదు. ఆయన వేలు మీట మీదే ఉంది, చూపు మాత్రం కూతురి ముఖం మీద ఉంది. నీళ్ళు చిట్లిన చప్పుడు వినబడింది. చేప పడినట్టుంది. ఆయన తల తిప్పలేదు.

"...లేదు," అంది కూతురు. "ఇష్టం లేదు నాన్నా."

ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావి మెల్లమెల్లగా వచ్చాయి. పిల్లలతో కలిసి పాటలా చదివితే తన మాట తడబడదని చెప్పింది. కథ మధ్యలో తను ఆగిపోతే ఎవరూ నవ్వరని చెప్పింది. "ఆరేళ్ళ పిల్లలు. గదినిండా ఉన్నారు. అందరూ ఆగుతారు నాన్నా. నువ్వొ... నువ్వొక్కడివే ఆగవు."

ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "మందుల షాపువాడు నిన్ను చూసి నవ్వాడు," అన్నాడు. "నీకు గుర్తుండదు. ఇంత పిల్లవి అప్పుడు. ఆ రోజు నుంచీ నీ మాట తడబడితే నాకు గుండె ఆగినంత పనవుతుంది. నీకోసమే అనుకున్నాను. నా భయం కోసమన్నమాట."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత రెండో చెయ్యి చాచింది. "ఫోను."

"నేను చెప్తాలే హెడ్‌మిస్ట్రెస్‌కి, చేసింది నేనే కదా..." అని మొదలుపెట్టి, ఆయనే మధ్యలో ఆపేసుకుని ఫోను తీసి ఇచ్చాడు.

అవతల "హలో, హలో, ఎవరండీ?" అని వినిపిస్తోంది. కూతురికి మాట పెగలడం లేదు. ఆవిడ ఎక్కడ ఫోను పెట్టేస్తుందోనని తండ్రికి భయం. కెమెరా పట్టీని పిడికిట్లో బిగించి, ఊరుకున్నాడు. చివరికి కూతురు తన పేరు చెప్పింది. శుక్రవారం మధ్యలో ఆగిన వాక్యాన్ని చివరి దాకా చెప్పింది.

"మరి మొన్న ఇష్టమే అన్నావుగా?"

"అది... మా నాన్న అ... అన్నారు."

"అడిగింది నిన్ను. విన్నది ఆయన్ని," అంది హెడ్‌మిస్ట్రెస్. "పరీక్షల దాకా క్లాసు నీదే. కొత్తామె నీ పక్కనే కూర్చుంటుంది. తర్వాత సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. ఆ అడుగుతున్నవాళ్ళని పిలిపిస్తాను. వాళ్ళతో నువ్వే మాట్లాడాలి. సరేనా?"

"సరే," అంది కూతురు. అది మాత్రం ఒక్కసారే వచ్చింది.

ఇల్లు చేరేసరికి తల్లి పొయ్యి మీద పాలు పెట్టి గుమ్మంలోకి తొంగి చూస్తోంది. ఇద్దరి ఎర్రటి కళ్ళూ చూసింది. అడగాల్సింది అడగలేక, "ఏవండీ, దొరికిందా ఆ కొంగ?" అంది.

"లేదు. ఒక్క ఫొటో కూడా తీయలేదు."

"మరి పొద్దుటి నుంచీ ఇద్దరూ ఏం చేశారక్కడ?"

చెప్పబోయి తండ్రి ఆగాడు. కూతురి పెదవులు కదులుతున్నాయి. "అమ్మా, నే... నేను..." అని మాట చిక్కుకుంది. తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, గుడారంలో కూర్చున్నట్టే, కదలకుండా. ఆయన్ని చూసి తల్లికి సగం అర్థమైంది. మిగతా సగం కూతురే చెప్పాలని కూడా అర్థమైంది. వెనక పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. ముగ్గురిలో ఎవరూ అటు వెళ్ళలేదు.