వణికే చెయ్యి

“భయపడకు. నేనే.”

మూసిన ల్యాబ్ తలుపు అవతల డాక్టరు గొంతు అంత మెత్తగా వినిపించేసరికి, టీ కప్పుతో వస్తున్న బొమ్మ అక్కడే ఆగిపోయింది.

ఆ మాట ఆమెది. గాజు పెట్టెలో ఆమె మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు, పైకి వంగి ఆమెను తయారుచేసినాయన అన్న మొదటి మాట. ఆయన పనితీరే అంత. చేతిలో రూపు కడుతున్నదానితో కబుర్లు చెబుతూనే ఉంటాడు. అది మేల్కొనే వేళ దగ్గరపడ్డాకే ఆ మాట అంటాడు.

అంటే లోపల ఇంకెవరో మేల్కోబోతున్నారు.

వంటింట్లో బొమ్మకీ తమ్ముడికీ పెళ్ళిబట్టలు కుడుతున్న డాక్టరుగారి అక్క తలెత్తి చూసింది. ఈమెకు బొమ్మ అని పేరు పెట్టింది ఆవిడే.

“ఏమే, దయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?”

“వదినా, ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి ఉంది.”

“వాడికా! నిన్నొక్కదాన్ని తయారుచేసేసరికే తల నెరిసిపోయింది. నీ చేతులకి కొలత దొరక్క తన చేతులే అచ్చు తీసి పోశాడు. రెండోదానికి ఓపికెక్కడిదే?”

బొమ్మ నవ్వలేదు. నిన్న వరండాలో వాన చూస్తూ ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఎంత చల్లగా ఉందో,” అని నిట్టూర్చాడు. ఇప్పుడర్థమైంది. వచ్చే వారం పెళ్ళి పీటల మీదికి వెచ్చటి చేతులున్న మనిషి రాబోతోంది. మరి చల్లటిదాన్నేం చేస్తాడు? మళ్ళీ గాజు పెట్టెలో పడుకోబెట్టి మూత వేసేస్తాడా?

“కూర్చుని కుమిలిపోకు. వెళ్ళి జుట్టు పట్టుకుని లాక్కురా,” అంది వదిన.

“ఎవరి జుట్టు?”

“ఎవరిది దొరికితే వాళ్ళది!”

అప్పుడే పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది. మధ్యాహ్నమే ఇల్లంతా చీకటి కమ్మింది. డాక్టరు గది తలుపు తోసుకుని, పెరట్లో జనరేటర్ వైపు వానలో పరుగెత్తాడు. తలుపు ఓరగా తెరుచుకునే ఉండిపోయింది.

బొమ్మ లోపలికి వెళ్ళింది.

బల్ల మీద తెల్లటి దుప్పటి. దాని కిందినుంచి ఒక చెయ్యి వేలాడుతోంది. పొడుగాటి బొటనవేలు, కాస్త వంకర తిరిగిన చిటికెనవేలు. అచ్చం తన చెయ్యే. ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

పళ్ళు బిగించి దుప్పటి లాగింది.

అమ్మాయి కాదు. డాక్టరు!

ఆ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ చెయ్యి ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకుంది.

“భయపడకు. నేనే.”

బొమ్మ కేకకు గోడలు దద్దరిల్లాయి. నిలువునా తడిసిన డాక్టరు గుమ్మంలోకి వచ్చి, గుండె పట్టుకుని ఆగాడు. “వదులు!” అన్నాడు రొప్పుతూ. పట్టు సడలింది.

“ఎవరితను?”

“నా గుండె ఎక్కువ కాలం ఆడదు. నీది ఆగదు, చేసింది నేనే కదా. నేను పోయాక ఈ ఇంట్లో నువ్వొక్కదానివే తిరుగుతుంటావని తలుచుకుంటే...” ఆయన జారిన దుప్పటిని బల్ల మీదికి సర్దాడు. “నా మాటలన్నీ నేర్పాను. నీ చేతులు చల్లగా ఉంటాయి కదా, వాటిని కాచుకోడానికి వెచ్చగా చేశాను. నీకు తేడా తెలియదు.”

బొమ్మ ఒక చేత్తో బల్లమీది మనిషి చెయ్యి, ఇంకో చేత్తో డాక్టరు చెయ్యి పట్టుకుంది. అది నిలకడగా ఉంది. ఇది వణుకుతోంది.

“ఎందుకు తెలియదు? మీరు పోతే ఏడుస్తాను. నన్ను ఏడవనివ్వండి. ఆ ఖాళీలో ఇంకొకర్ని తెచ్చి కూర్చోబెట్టకండి.”

కుట్టుకత్తెర ఎత్తి పట్టుకుని వదిన పరుగెత్తుకొచ్చింది. చూసి నోరు తెరిచింది. “ఓరి నాయనో! వీళ్ళలో మా వాడెవడే?”

“వణుకుతున్నాయన.”

“మరి నేను?” అన్నాడు బల్లమీది మనిషి.

డాక్టరు చెయ్యి మెల్లగా అతన్ని ఆపేసే స్విచ్ వైపు సాగింది. బొమ్మ అడ్డం నిలబడింది.

“వద్దు. నన్ను మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేసేస్తారేమోనని ఇందాకటిదాకా నేనే భయంతో చచ్చాను. ఇతన్ని మళ్ళీ పడుకోబెట్టొద్దు.”

వదిన కత్తెర కిందికి దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. “సరే, వీడు నాకు చిన్న తమ్ముడు. ముందు చొక్కా తొడుక్కో నాయనా. మీ అన్న పెళ్ళికి బోలెడు పనుంది.”

కొత్తవాడు ఆవిడ వెంట బుద్ధిగా నడిచాడు.

వాన పెరిగింది. బొమ్మ డాక్టరు మణికట్టు పట్టుకుని కూర్చుంది. వేళ్ళ కింద నాడి కొట్టుకుంటూ కొట్టుకుంటూ తడబడి ఆగింది. ఆమె ఊపిరి బిగబట్టింది. మళ్ళీ కొట్టుకుంది.

“భయపడకు,” అన్నాడాయన. “నేనే.”

“మీరే కదా. అందుకే భయం,” అంది బొమ్మ, చెయ్యి వదలకుండా.