బతికున్న బావి

బావుల తనిఖీదారు సుగుణమణి కుంకుడు రసాన్ని నురగ వచ్చేదాకా చిలికి, గ్యాస్ బావి మూత చుట్టూ కుంచెతో పూసింది. కంపెనీ బిగించిన పీడనమాపకం సున్నా చూపిస్తోంది. ఆ సున్నాను ఆమె నమ్మలేదు. ముల్లు కాస్తయినా వణకాలి కదా, ఇది మేకు కొట్టినట్టు నిలబడింది.

సూర్యశక్తి అనుకున్నదానికంటే చాలా ముందే ఇంటింటికీ చేరిపోవడంతో కోనసీమ గ్యాస్‌కు గిరాకీ పడిపోయింది. కంపెనీలకు ఇప్పుడు ఒకటే తొందర. బావి చచ్చిపోయిందని మృతిపత్రం వస్తే చాలు, ఆ తర్వాత ఏం జరిగినా వాళ్ళకు సంబంధం ఉండదు.

"బోండం తాగండి మేడమ్, ఎండ మండిపోతోంది," అన్నాడు కంపెనీ మూసివేత అధికారి చక్రపాణి. ఇంత మర్యాద దేనికో! ఆమె అందుకోలేదు.

ఆ బావి ఉన్న కొబ్బరితోట యజమానురాలు సత్తెమ్మ దగ్గరికొచ్చింది. "చెట్లు మొదలంటా మాడిపోతన్నాయండి. దేవుడికి దీపం ఎట్టాలన్నా గుండె దడొచ్చేత్తందండి."

నురగలో ఒక బుడగ ఉబ్బి పగిలింది. పక్కనే ఇంకొకటి లేచింది.

బావి బతికుందో చచ్చిందో తేల్చి పత్రమిచ్చే యంత్రం నిర్ధారిణి. సుగుణమణి మణికట్టుకున్న దానితో చెప్పింది. "నిర్ధారిణీ, గ్యాస్ కారుతోంది. బావి సజీవం."

"మాపకం సున్నా," అంది నిర్ధారిణి. "బావి సజీవమైతే తనిఖీదారు కొలువు నిలుస్తుంది. మీ స్వార్థసూచిక తొంభై నాలుగు. సాక్ష్యం చెల్లదు. మృతిపత్రం సిద్ధమవుతోంది."

చక్రపాణి నవ్వాడు. "ఉద్యోగం నిలబెట్టుకోవడానికి మీ తంటాలు నాకు తెలియనివా మేడమ్!"

ఆమెకు ఒళ్ళు మండింది. అయితే ఆ ఉద్యోగం కావాలన్న మాటా నిజమే. పింఛను దక్కాలంటే ఇంకో ఏడాది చెయ్యాలి. మధ్యలో వదిలేస్తే చేతికి పైసా రాదు. సత్తెమ్మ ఇవేమీ ఎరగదు, బుడగలకేసి భయంగా చూస్తోంది.

"నిర్ధారిణీ, నా రాజీనామా తీసుకో. ఇప్పుడే."

"మీకేమన్నా మతిపోయిందా?" చక్రపాణి ఎగిరిపడ్డాడు.

"రాజీనామా నమోదైంది. వెనక్కి తీసుకునే వీలు లేదు." నిర్ధారిణి మళ్ళీ లెక్క వేసింది. "స్వార్థసూచిక సున్నా. సాక్ష్యం చెల్లుతుంది. బావి సజీవం. బాధ్యత కంపెనీదే."

సత్తెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మరి నీ బతుకో తల్లీ?"

సుగుణమణికి ఏడుపొచ్చినంత పనైంది.

నిర్ధారిణి అక్కడితో ఆగలేదు. "ఇదే కారణంతో కొట్టివేసిన మీ పాత సాక్ష్యాలు కూడా చెల్లుతాయి. మొగలితిప్ప బావి, సజీవం. పల్లపుగరువు, సజీవం. చింతలంక..."

"ఆపండి దాన్ని!" అని అరిచాడు చక్రపాణి.

ఆపే అధికారం ఇప్పుడు ఆమెకు లేదు.