పేరంటాలి గదిలో రూమ్ టోన్

పుదుచ్చేరిలో మధ్యాహ్నమైతే వీధులు కునుకు తీస్తాయని చెప్పినవాడెవడోగాని, వాడి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి బజారు వెనక వీధిలో ఒక పూట కూర్చోబెట్టాలి. అర్చిత పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ఆమెకు కావలసింది ఒక్క నిమిషం నిశ్శబ్దం. ఒకే ఒక్క నిమిషం! జాలర్లుండే వైతికుప్పం నుంచి చేపల బండి హారన్ కొట్టుకుంటూ వస్తుంది, అది పోగానే పక్కింటి మిక్సీ మొదలవుతుంది, మిక్సీ ఆగిందనుకుంటే మేడమీద ఎవరో మంచం ఈడుస్తారు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్ళది ఇద్దరి ఫిల్మ్ కంపెనీ. కెమెరా గిరిధర్‌ది, సౌండ్ అర్చితది. సీమంతాల నుంచి తేరు ఉత్సవాల దాకా ఊళ్ళో జరిగే వేడుకల్ని చిన్న చిన్న డాక్యుమెంటరీలుగా తీస్తారు. పోయిన మూడూ సౌండ్ బాగాలేదని పోటీల నుంచి తిరిగొచ్చాయి. ఈసారీ చెడితే వేరే మనిషిని చూసుకుంటానని గిరిధర్ మొహం మీదే చెప్పేశాడు. అయిదేళ్ళు నానా తంటాలు పడి నేర్చుకున్న పని అది. ఇంకో పని ఆమెకు రాదు.

అందుకే ఈసారి గిరిధర్‌ను ఆ వీధిలోనే ఉన్న సొంత మేనత్త ఇంటికి తీసుకొచ్చింది. అంబుజమత్త ఇంట్లో ఏటా పేరంటాలి పూజ చేస్తారు. అత్త చెల్లెలు లోకేశ్వరి పసుపు కుంకాలతో పోయింది. ఆవిడ కోసం వెనక గదిలో కొత్త చీర పెట్టి, ఆకు వేసి, వడా పాయసం వడ్డించి, అత్త ఆవిడను పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచాక అందరూ బయటికొచ్చి తలుపు మూస్తారు. పావుగంట తర్వాత మూడుసార్లు చప్పట్లు కొట్టి తెరుస్తారు. ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. దాన్నే ప్రసాదమని అందరూ పంచుకు తింటారు.

ఇదంతా అత్త పొద్దున కెమెరా ముందు గంటసేపు చెప్పింది. చేయకూడనివన్నీ కూడా పూసగుచ్చినట్టు చెప్పింది. అర్చిత హెడ్‌ఫోన్‌లో ప్రతి మాటా విన్నది, కానీ సౌండ్ వాళ్ళు వినే తీరే వేరు. మాటలో మిక్సీ కలిసిందా, ఫ్యాను కలిసిందా అని చూసుకుందే తప్ప అత్త ఏమన్నదో బుర్రకెక్కలేదు.

ప్రతి షూటింగులోనూ రూమ్ టోన్ అని ఒకటి పట్టాలి. ఎవరూ మాట్లాడని ఒక నిమిషం, ఆ గది తాలూకు ఉత్త నిశ్శబ్దం. ఎడిటింగులో కోసిన మాటల మధ్య అతుకు వేయడానికి అదే ఆధారం. మూసిన గదికంటే మంచి చోటు ఇంకేముంటుంది అనుకుంది అర్చిత. అత్త “రావమ్మా లోకేశ్వరీ” అని పిలిచి బయటికి నడిచింది. ఆఖరున అర్చిత ఒక్కతే మిగిలింది. ఆకు పక్కన వైరు లేని చిన్న మైకు పెట్టి, ఎడిటింగులో గుర్తు కోసం ఎప్పుడూ చెప్పుకునేదే మెల్లగా చెప్పింది.

“రూమ్ టోన్. వెనక గది. అర్చిత. టేక్ వన్.”

బయటికొచ్చి తలుపు మూసింది.

హాల్లో రికార్డర్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నిశ్శబ్దం. కడిగిన గిన్నెలా శుభ్రమైన నిశ్శబ్దం. సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరనిమిషం... నిమిషం... తలెత్తి కిటికీలోంచి చూసింది. పక్కింటావిడ మిక్సీ తిప్పుతూనే ఉంది. ఆ వంటింటికీ వెనక గదికీ మధ్య ఒకటే గోడ. అయినా మైకులోకి చిన్న చప్పుడు కూడా రావడం లేదు.

ఏ గదీ ఇంత నిశ్శబ్దంగా ఉండదు. అది ఆమెకు తెలుసు.

గాజులు.

ఎక్కడో దూరం నుంచి... దగ్గరగా... ఆకు దాకా వచ్చి ఆగిపోయాయి.

ఆ వెనకే ఇంకో చప్పుడు. వేళ్ళు అన్నం కలుపుతున్నాయి. నమలడం... మింగడం... మళ్ళీ కలపడం. ఆ చేతికి గాజులు లేవు.

ఒక ఆడగొంతు గుసగుసగా అడిగింది.

“ఎవరే నువ్వు... నా ఆకు కాడ?”

నమలడం ఆగింది.

“అర్చిత.”

అది తన గొంతే. అయిదేళ్ళుగా ఇదే హెడ్‌ఫోన్‌లో రోజూ వింటున్న గొంతు. పొరపాటు పడడానికి లేదు.

హెడ్‌ఫోన్ లాగి పారేసింది. అప్పటికే పావుగంట అయిపోయి, అత్త మూడు చప్పట్లు కొట్టి తలుపు తీసింది. గదిలో ఎవరూ లేరు. ఆకు మాత్రం నాకినట్టు ఖాళీగా ఉంది. అత్త గభాల్న తలుపు మూసి గొళ్ళెం పెట్టేసింది. మైకు లోపలే ఉండిపోయింది.

“నేను పిలిచినాక లోపల ఎవురి పేరన్నా అన్నావా అమ్మణ్ణీ?” అని గొంతు తగ్గించి అడిగింది.

అర్చిత అవునన్నట్టు తలూపింది.

“పొద్దున నీ మిషన్లోనే చెప్పినాను గదా... కడపట ఏ పేరు వినపడితే ఆకు వాళ్ళదని. బతికుండేవాళ్ళ పేరు అనకూడదని. యాడ పెట్టుకున్నావే చెవులు?”

భయం కంటే ముందు అర్చితకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఈలోగా గిరిధర్ ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డింగ్ మొదటి నుంచి విన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు ఒక మంచి నిమిషం దొరికిందన్నాడు. గాజులూ నమలడమూ అతనికేవీ వినపడలేదట. పనిలో పనిగా హాలు రూమ్ టోన్ కూడా పట్టేద్దామని ఇంకో మైకు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఎప్పుడూ చెప్పే గుర్తు మాటలే చెప్పింది. రికార్డర్ తెరమీద శబ్దాన్ని చూపించే హాలు మైకు గీత కదల్లేదు. గట్టిగా చెప్పమని విసుక్కున్నాడు. అరిచినంత పని చేసింది. కదల్లేదు. అతను తిట్టుకుంటూ వైరు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, మైకు తన నోటి దగ్గర పెట్టుకుని హలో అన్నాడు. గీత ఎగిరింది. మళ్ళీ ఆమెకిచ్చాడు. ఆమె హలో అంది.

ఏమీ లేదు.

గిరిధర్ వేలు తెరమీద రెండో గీత దగ్గరికి జరిగింది. గొళ్ళెం పెట్టిన గదిలోని మైకుది. ఆమె హలో అన్నప్పుడల్లా అదే లేస్తోంది.

“లోపల ఎవరున్నారు...?” అన్నాడు గుసగుసగా.

అర్చిత నోరు మూసుకుంది. రెండు చేతులతో గట్టిగా మూసుకుంది.

ఆ గీత ఇంకా లేస్తూ, పడుతూ, మాట్లాడుతూనే ఉంది.