పిలక తప్పిన కాయ

గోదావరి వరద జూలైలోనే వచ్చి లంకలన్నీ ముంచేసిన ఏడు అది. నీళ్ళు తీసిన పదోరోజున సఖినేటిపల్లి రేవులో నది దాటే పంటు ఎక్కిన వరప్రసాదం పక్కన ఇంటెలిజెన్స్ చీఫ్ సూర్యారావు వచ్చి నుంచున్నారు.

"కాయ ఎండి కురిడీ అయిందా?"

"ఇంకా నీళ్ళున్నాయండీ."

కోడ్ సరిపోయింది.

"ఉత్తరాన బోర్డర్ స్టేషన్. రెండు దేశాలకీ ఒకటే హాలు, మధ్యలో పసుపు గీత. ఒక విదేశీ రింగ్ దాన్ని పేల్చాలని చూస్తోంది. పేలితే నేరం ఒకరి మీద ఒకరు వేసుకుంటారు. ఆ తర్వాత యుద్ధమే. నువ్వక్కడ కొబ్బరి గుమాస్తావి."

"ఎన్నాళ్ళండీ?"

"ఆపేదాకా."

అవతలి రేవు వచ్చేలోపు బ్రీఫింగ్ అయిపోయింది.

రెండేళ్ళు గడిచాయి. అంబాజీపేట నుంచి వచ్చిన కాయల్ని వరప్రసాదం గీత దాటించేవాడు. చొక్కా బొత్తాంలో కెమెరా, నడుముకి పిస్టల్. పని హిందీలో, తిండి హిందీలో. తెలుగులో పలకరించే మనిషి ఒక్కతే, కరెన్సీ కౌంటర్లో ప్రశాంతి. నల్లకళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫ్. సొంతూరు రాజోలు.

"భోంచేసేరాండీ?"

"ఆయ్."

రోజుకి అంతే. ఆ ఒక్క మాట కోసం అతను పొద్దుటి నుంచీ ఎదురుచూసేవాడు.

ఒక మంగళవారం చీఫ్ మెసేజ్ వచ్చింది. "నాలుగింటికి హాల్లో రెండు దేశాల ఆఫీసర్ల మీటింగ్. పేలుడు ఈరోజే. ప్రశాంతి డబుల్ ఏజెంట్. ఎవరి పక్షమో తెలీదు. గీత దాటబోతే కాల్చెయ్."

మూడూ యాభై ఎనిమిది. ఇద్దరు కోటు మనుషుల మధ్య ప్రశాంతి గీత వైపు నడుస్తోంది. అతని బస్తాల దగ్గర ఆగింది.

"వరప్రసాదం గారూ, ఇది మనవైపు ఒలుపేనాండీ?"

"ఆయ్."

"సరిగ్గా చూసేరా?"

ఏమంటున్నావని కోటు మనిషి హిందీలో అడిగాడు. "రేటు," అంది. నడిచింది.

వరప్రసాదం చెయ్యి పిస్టల్ మీద ఉంది. గీతకి ఇంకా పది అడుగులు. ఆమె వీపు చూశాడు. ఆమె ఆగిన చోట బస్తా చూశాడు. రెండు పనులకీ టైం లేదు. పిస్టల్ వదిలేసి బస్తా కోశాడు.

దూరం వెళ్ళే కాయ చెడకుండా కోనసీమలో కళ్ళ మీద పీచు పిలకలా వదిలి ఒలుస్తారు. ఒక్క కాయకి మాత్రం కళ్ళు బోడిగా ఉన్నాయి. పిలక అడుగువైపు అంటించి ఉంది. ఆ పని రింగ్ ఆమె చేతే చేయించి ఉంటుంది. పిలక ఏ వైపున్నా వాళ్ళకి ఒకటే. రాజోలు మనిషి మాత్రం తెలిసినవాడి కంట పడాలని తప్ప అలా అంటించదు.

పిలక పీకాడు. లోపల ఎర్ర అంకెలు. ఏడు, ఆరు. వైరు లాగాడు. మూడు దగ్గర ఆగాయి.

తలెత్తేసరికి ఆమె గీతకి అవతల ఉంది. నాలుగు దాటినా ఏమీ పేలలేదు. రింగ్ తాలూకు ఆ కోటు మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత ఆమెని చూశారు. చెరో రెక్కా పట్టుకుని బయట కారెక్కించారు. వరప్రసాదం అరిచాడు. అటు ఆఫీసర్లకి అతను కొబ్బరి గుమాస్తా మాత్రమే. ఎవరూ కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే చీఫ్ ఫోన్ చేశారు. "మెడల్ వస్తుంది. ఎవరికీ చెప్పకూడదు."

"ఎవరున్నారండీ చెప్పడానికి."

కౌంటర్లో కొత్తమ్మాయి హిందీలో పలకరించింది. అతను బయటికొచ్చి రాజోలు బస్టాండుకి ఫోన్ చేశాడు.

"అమలాపురం బస్సులెప్పుడండీ?"

"ఎక్కడ్నించి మాట్లాడుతున్నారండీ?"

"కొంచెం దూరం నుంచండీ."

అవతలాయన ప్రశాంతి యాసలోనే టైములన్నీ చదివి వినిపించాడు.

"మలికిపురం వైపువి కూడా చెప్పండి," అన్నాడు వరప్రసాదం.