గోడ చాటు ఆకాశం

"ఆడవాళ్ళు చూసేదేముంది దాంట్లో?" అంటూనే ఉన్నాడు మీరా సాహెబ్, చద్దన్నంలో మజ్జిగ పోసుకుంటూ. "నేను చూశాను, చాలదా?"

"ఉండేది మేము," అంది రజియా పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా. "మీరు పొద్దున కొట్టుకు పోతే దీపాలు పెట్టాకే రావటం. ఇల్లు మీకు పడుకోడానికి, మాకు బతకడానికి."

"లేచిన దగ్గర్నుంచీ ఇదే పాట," అని నవ్వాడు తమ్ముడు ఉస్మాన్. "చూపించెయ్యి అన్నా. వదిన నోటికంటే జట్కా బాడుగే చవక."

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది ఎండాకాలం అది. పత్తి వ్యాపారం కలిసొచ్చి, కారంపూడిలో ఇల్లు అమ్మేసి నరసరావుపేట చేరిన కుటుంబం. అద్దెకున్న పెంకుటిల్లు చీకటిగా ఉండేది. పెరడు లేదు, పైకెక్కే దారి లేదు. ఇప్పుడు స్టేషన్ రోడ్డులో బాబూరావు గారు కొత్తగా కట్టించిన మేడలో పై భాగం అమ్ముతున్నారు. విడిగా మెట్లు, ఇంటి ముందు విశాలంగా ఆరుబయలు డాబా. కింద ఒకరు, పైన ఒకరు కొనుక్కోవడం పేటలో అదే మొదలు. మీరా సాహెబ్ మేడ కొంటున్నాడని బజారంతా అప్పుడే చెప్పుకుంటోంది.

"నువ్వేమంటావమ్మా?" అని తల్లిని అడిగాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న పీరాంబీ, "నన్ను కారంపూడి పంపించెయ్ రా," అంది. పేటకొచ్చిన దగ్గర్నుంచీ ఆమె నోట ఎక్కువగా వచ్చే మాట అదే. తక్కిన మాటలన్నీ ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

"అక్కడేముందమ్మా మనకి? ఈ డాబా చూస్తే నువ్వే ఆ మాట మానేస్తావు. పదండి, చూపిస్తా."

చుట్టూ పరదా కట్టిన జట్కాలో అత్తాకోడళ్ళు స్టేషన్ రోడ్డు చేరారు. బాబూరావు గారు తలుపు తీసి, మర్యాదగా వీధిలోనే నిలబడిపోయారు.

"చూడమ్మా, గచ్చు అద్దంలా లేదూ?" పైకెక్కగానే మొదలుపెట్టాడు మీరా సాహెబ్. "గోడ చూశావా? ఆయన నడుమెత్తే కట్టించారు. మా అమ్మ గోషాలో ఉంటుందని చెప్పి నేనే తలపైదాకా లేపించా. ఏనుగెక్కి వచ్చినవాడికి కూడా కనపడవు."

రజియా మునివేళ్ళ మీద నిలబడి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు.

"గాలి?" అంది.

"పైనుంచి వస్తది."

"పైనుంచి వచ్చేది వాన."

పీరాంబీ గోడ పట్టుకుని డాబా చుట్టూ నడిచింది. మూలకు పోయి ఆగి, తల ఎత్తి, "మిద్దె మీదున్నామమ్మా!" అని గట్టిగా కేక వేసింది. గోడలు ఆ కేకను ఆమెకే తిప్పి ఇచ్చాయి. ఎక్కడా అలికిడి లేదు.

"ఏందమ్మా ఆ కేక? కింద బాబూరావు గారున్నారు."

"ఎవరన్నా పలుకుతారేమోనని."

మీరా సాహెబ్ ముఖం ఎర్రబడింది. "పలక్కూడదనే గదా ఇంత గోడ పెట్టించింది? ఎవరి కోసం ఇదంతా? ఏం చేసినా నీకు కారంపూడే. అక్కడ మట్టిమిద్దె, మోకాలెత్తు పిట్టగోడ."

"మోకాలెత్తే," అంది పీరాంబీ. "ఆ మిద్దె మీదే నేను ముసలిదాన్నయ్యా. నన్ను పరాయి మగాడు చూశాడని ఏనాడన్నా విన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీ నాయన కేకెయ్యకుండా మెట్టెక్కి ఎరగడు. పక్కింటి జక్కయ్యా అంతే. కల్లుకు తాటిచెట్లు గీసే యల్లమంద, మోకు నడుముకు చుట్టుకుని, 'ఎక్కుతున్నానమ్మా' అని కేకేసి, మేం ముసుగు సర్దుకుని సరేననేదాకా చెట్టు కిందే నిలబడేవాడు. వాళ్ళ నోటిమాటే నాకు గోడ. నువ్వు ఇటుకలతో కట్టావు. ఇది కొంటే నేను పోయేది దీంట్లోనుంచే గదా నాయనా. అప్పటిదాకా ఎవరితో మాట్లాడను?"

రజియా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకూ ఆ మిద్దే గుర్తొచ్చింది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఊరు తెలిసింది దాని మీదనుంచే. రంజాన్‌కు ముందు నులక మంచాల మీద సేమ్యాలు ఆరేసేవాళ్ళు. పక్క మిద్దె మీద జక్కయ్య భార్య కృపమ్మ మిరపకాయలు తిరగేస్తూ ఏసు గుడిలో పాడే పాటలు పాడుకునేది. వినీ వినీ పీరాంబీ కూడా పని చేసుకుంటూ ఆ కీర్తనలే కూనిరాగం తీసేది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా, కబురు ముందు మిద్దెల మీదుగానే వచ్చేది. గడప దాటని ఆడదానికి ఊరంటే అదే.

జట్కా ఎక్కాక రజియా నెమ్మదిగా అంది, "పేటలోనే గోపాలకృష్ణయ్య గారని, గుంటూరుకు కాపరం మారుస్తున్నారంట. వాళ్ళ మిద్దె ఇల్లూ అమ్మకానికుంది. దారిలోనే గదా."

"ఆ పాత కొంపా?" అన్నాడు గానీ, జట్కావాణ్ణి అటే పోనిమ్మన్నాడు.

ఇంట్లోవాళ్ళు అప్పటికే గుంటూరు చేరారు. తాళం చెవి ఎదురింట్లో ఉంది. గదులు చిన్నవి, మెట్లు ఇరుకు. మిద్దె మీద నాపరాళ్ళు అక్కడక్కడా లేచిపోయాయి. పీరాంబీ సగం మెట్లెక్కి ఆగింది. "మిద్దెక్కుతున్నామమ్మా!"

"కాసేపాగండత్తా!" పక్క మిద్దె మీదనుంచి ఒక గొంతు. "మావాడు నీడలో పడుకోనున్నాడు. లెగరా, ఆడవాళ్ళొస్తున్నారంట. ఆ దుప్పటి కూడా తీసుకుపో." దబదబా ఎవరో మెట్లు దిగిన చప్పుడు. "ఆ, ఇక రండి."

మగవాడు కాబట్టి మీరా సాహెబ్ మెట్ల దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. అక్కడే కూర్చుని విన్నాడు. మామిడి ముక్కలు ఎండబెడుతున్న ఆ మనిషి పేరు గురవమ్మ.

"కొన్నారా ఏంది?"

"లేదమ్మా, చూస్తన్నాం."

"చూసేదేముంది, ఎండ చానా బాగా పడుద్ది. ఏ ఊరు మీది?"

"కారంపూడి."

"అట్టనా! మా ఆడబిడ్డని అక్కడే ఇచ్చాం. ఒట్టి గయ్యాళి. మీ ఊరికే చెల్లింది."

పీరాంబీ నవ్వింది. గలగలా, దగ్గు వచ్చేదాకా నవ్వింది. పేటకొచ్చాక తల్లి నవ్వు అతను వినడం ఇదే మొదలు. అసలామె నవ్వు మానేసిందన్న సంగతే ఇన్నాళ్ళూ తనకు తట్టలేదు. మీరా సాహెబ్ టోపీ తీసి, దాంతోనే కళ్ళు ఒత్తుకున్నాడు. ఎండ వాలేదాకా పైనుంచి ఎవరూ దిగలేదు. అతనూ పిలవలేదు.

ఆ సాయంత్రం బయటికి వెళ్ళొచ్చి అన్నానికి కూర్చున్నాడు. రజియా వడ్డిస్తోంది. పీరాంబీ గురవమ్మ ఇచ్చిన మామిడి ముక్క నంజుకుంటూ ఏదో చెబుతోంది. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాడు.

"బాబూరావు గారికి మేడ వద్దని చెప్పొచ్చా," అన్నాడు.

ఉస్మాన్ చెయ్యి ఆగిపోయింది. "అదేందన్నా? బజారంతా తెలిసిపోయిందే. ఏమనుకుంటారు?"

"అనుకోనీ."

రజియా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మీరా సాహెబ్ ఎవరి వంకా చూడకుండా కంచంలో అన్నం కలుపుకున్నాడు.

"గోపాలకృష్ణయ్య గారి ఇల్లు తీసుకుంటున్నాం," అన్నాడు నెమ్మదిగానే, అందరికీ వినబడేట్టు. "రాళ్ళు మాత్రం సరిచేయిస్తా. రంజాన్ నెలవంకని అందరం ఆ మిద్దె మీదనుంచే చూద్దాం."